పసుపంటిన ఎంటర్ బటన్

మా ఇంట్లో కంప్యూటర్ అంటే నల్ల తెర, దాని మీద తెల్ల అక్షరాలు. లోకమంతా రంగురంగుల బొమ్మల మీద నొక్కుతుంటే మా ఆయన మాత్రం ఆ నల్ల కిటికీ తెరిచి కమాండ్లు కొట్టేవాడు. బోధన్ వైపు ఒక చక్కెర ఫ్యాక్టరీలో, చెరకు బండ్లు తూచే చోట కంప్యూటర్ మీద పనిచేసిన మనిషి. ఫ్యాక్టరీ మూతపడి నిజామాబాద్‌కు వచ్చేశాక కూడా ఆ అలవాటు పోలేదు. "మౌస్ వట్టుకుంటే చెయ్యి గుంజుతది. గిట్ల కొడితె ఒక్క దెబ్బకు అయితది" అనేవాడు.

నాకు కమాండ్లు రావు. అందుకని నా కోసం బ్యాచ్ ఫైళ్ళు రాసిపెట్టాడు. కొట్టాల్సిన కమాండ్లన్నీ వరసగా ఒక ఫైల్లో రాసి ఉంచితే, ఆ ఫైలు పేరు ఒక్కటి కొడితే చాలు, మిగతా పనంతా అదే చేసుకుపోతుంది. 'పాట' అని కొడితే పాటలు మోగేవి. 'ఫోటో' అని కొడితే మెమరీ కార్డులోని ఫోటోలు కంప్యూటర్‌లోకి ఎక్కేవి. ఎక్కుతున్నంతసేపూ తెర మీద ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు మాట కనబడేది, "ఆగు, ఆగమాగం గాకు" అని. అయిపోయాక "అయింది, ఇగ లేసి చాయ్ పెట్టు" అని వచ్చేది. ఈ డబ్బా నాకు పని చెప్పడమేమిటని విసుక్కుంటే ఆయన నవ్వేవాడు.

"అది జెప్తలేదు, నేను జెప్తున్న. ముందుగాల ఎకో అని కొట్టి ఏం రాసినా, అది గదే మల్ల జెప్తది."

పోయిన ఎండాకాలం ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పడిపోయింది, మాట పోయింది. ఎక్సర్‌సైజులు చేయించడానికి వచ్చే అమ్మాయి పలక ఇచ్చి ఎడమచేత్తో రాయమంది. తన వంకర గీతలు చూసి ఆయనకే సిగ్గేసిందో ఏమో, పలకను మంచం కిందికి తోసేశాడు. మళ్ళీ ముట్టుకోలేదు. "కంప్యూటర్ ముందల కూసోబెట్టుండ్రి ఆంటీ, వేళ్ళకైన పని దొర్కుతది" అందా అమ్మాయి.

కూర్చోబెట్టాను. ఎడమ చూపుడు వేలితో రోజూ ఒకటే పని. ఫైళ్ళ పేర్లన్నీ చూపించే కమాండ్ కొడతాడు. పేర్లు వస్తాయి. వాటికేసి చూస్తాడు. తెర తుడిచే కమాండ్ కొడతాడు. మళ్ళీ మొదటికి. ఒక్కోసారి నా వైపు చూసేవాడు, కానీ ఆ చూపులో ఏముందో నాకు అందేది కాదు.

నా భయమంతా అదే. మా ఆయన లోపల ఉన్నాడా, లేక పాత అలవాటు కొద్దీ వేలు ఒక్కటే తిరుగుతోందా? తిన్నవా, నీళ్ళు తాగుతవా, నొస్తుందా అని పొద్దస్తమానం అడిగేది నేనే. జవాబు ఉండేది కాదు. నేనే అడిగి, నేనే ఊహించుకుని, నేనే తినిపించేదాన్ని. అలసిపోయాను. పైకి అంటే బాగుండదని ఎవరితోనూ అనలేదు గానీ, కొన్ని పొద్దుల్లో ఆయన మీద పట్టరానంత కోపం వచ్చేది. తర్వాత నా మీద నాకే అసహ్యం వేసేది. ఆ అసహ్యానికి కూడా తీరిక ఉండేది కాదు, బకెట్‌లో బట్టలు నానుతుండేవి.

దసరా వచ్చింది. పనిముట్లకు పూజ చేయాలి. ఏటా కంప్యూటర్‌కు ఆయనే చేసుకునేవాడు. శుభ్రంగా తుడిచి, తెర పైన చిన్న బొట్టు పెట్టి, కీబోర్డు మీద ఒక్క బంతిపువ్వు ఉంచేవాడు. ఈసారి నేనే చేశాను. కత్తిపీట, మిక్సీ, తుప్పు పడుతున్న ఆయన స్కూటర్, అన్నిటికీ బొట్లు పెట్టుకుంటూ వచ్చి, అదే తడిచేత్తో కీబోర్డు మీద ఆయన ప్రతి కమాండ్ చివరా నొక్కే ఎంటర్ బటన్‌కు నిండుగా పసుపు పూసి కుంకుమ పెట్టాను. పసుపు ఇందల్వాయి దగ్గర మా అన్న చేన్లోది. చిక్కగా కలిపితే గోడకు పెట్టే లప్పంలా పట్టేస్తుంది.

ఆ రోజు పనిముట్లను ముట్టుకోము. మర్నాడు పొద్దున ఆయనకు ఇడ్లీ తినిపించి, కంప్యూటర్ వేసి, ముందు కూర్చోబెట్టి గిన్నెలు తోమడానికి వెళ్ళాను. కాసేపటికి బల్ల మీద దబదబా చప్పుడు. ఆయన నన్ను పిలిచే పద్ధతి అది. వెళ్ళి చూస్తే నల్ల తెర మీద ఖాళీ లైన్లు కింది నుంచి పైకి పారుతూనే ఉన్నాయి, ఆగడం లేదు. నొక్కిన ఎంటర్ బటన్ పసుపు ముద్దలో ఇరుక్కుని పైకి లేవలేదు.

"ఇగ ఇది గూడ పాయె" అన్నాను. అక్కడే మంచం మీద కూలబడ్డాను. "నేనేం జెయ్యాలె? నువ్వు మాట్లాడవు, ఇది పని జెయ్యది. నాతోని అయితలేదు." ఆయన ముందు ఆ మాట అనడం అదే మొదలు. ఏడుపు వచ్చింది, ఆపుకోలేదు.



ఏడుస్తూనే లేచి, జడలోని పిన్ను తీసి ఆ బటన్‌ను పెకిలించాను. టప్పున ఊడి బీరువా కిందికి పోయింది. లైన్లు ఆగాయి. "అయిపోయింది. నీ ఎంటర్ లేదు ఇగ. కొట్టకు" అని లేవబోతే, ఎడమచేత్తో నా కొంగు పట్టుకున్నాడు. తర్వాత అదే చేతిని కీబోర్డు కుడి చివరకు తీసుకెళ్ళి, అంకెల పక్కనున్న ఒక బటన్ మీద వేలు ఆనించాడు. దాని మీద కూడా ఎంటర్ అనే రాసి ఉంది. ఇన్నేళ్ళూ తుడిచిన కీబోర్డే, నేనెప్పుడూ చూడలేదు.

ఆయన వేలు అక్షరాల మీదికి వచ్చింది. ఒక్కొక్కటే కొట్టాడు. ఎకో. దాని పక్కన ఇంకేదో మొదలుపెట్టాడు. తప్పు పడింది, చెరిపాడు, మళ్ళీ కొట్టాడు. చెమట పట్టింది. అయ్యాక నా వైపు చూసి, గడ్డంతో ఆ అంకెల పక్క బటన్‌ను చూపించాడు. నేనే నొక్కాను.

పై లైన్లో ఆయన మాట, కింద అదే మాటను కంప్యూటర్ మళ్ళీ చెప్పింది, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు.

నువ్వు తిన్నవా.

"లేదు" అన్నాను. "ఇంక తినలే." ఎన్నాళ్ళకో జవాబు చెప్పే వంతు నాకు వచ్చింది.

ఆయన వంటింటి వైపు చెయ్యి చూపించాడు. మిగిలిన ఇడ్లీలు పళ్ళెంలో పెట్టుకుని వచ్చి ఆయన పక్కనే కూర్చున్నాను. నేను తినడం అయ్యేదాకా ఆయన తెర తుడవలేదు.