తాత పెంచిన పుండు

యర్రగుంట్ల నుంచి పులివెందుల దాకా గాలించినా, పుండును పెంచడంలో చాపాడు సాలోమోను తాతను మించినవాడు దొరకడు. గొర్రెలను పెంచినవాళ్ళున్నారు, కోళ్ళను పెంచినవాళ్ళున్నారు. ఎడమకాలి మీద పుండును పెంచి, ఓటు హక్కు వచ్చే ఈడుకు తెచ్చినవాడు ఈయనొక్కడే.

తాత విందులకు వండే వంటమనిషి. జమ్మలమడుగులో ఒక పెళ్ళికి అన్నం వారుస్తుంటే మరిగే గంజి కాలి మీద ఒలికింది. బొబ్బలు మానాయి గానీ మచ్చ నడుమ చిన్న పుండు మిగిలింది. అది మూసుకుంటే ఒంట్లోని చెడునీరు తలకెక్కుతుందని ఎవరో మహానుభావుడు చెప్పాడు. అంతే, పక్కు కట్టినప్పుడల్లా తాత దాన్ని వేడినీళ్ళతో నానబెట్టి గోటితో లేపేసేవాడు. తనకు షుగరూ బీపీ రాకపోవడం దాని చలవేనని వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు. వాళ్ళూ తలలూపేవాళ్ళు. ఊపడానికి తప్ప ఆ తలలు దేనికీ పనికిరావు.

ఈ ఏడు పుండు అంచులు గట్టిపడి పైకి లేచాయి. వాసన మొదలైంది. ఇంటర్ తప్పినా ఈ నాలుగు ముక్కలు రాసేంత చదువు మిగిలిన మనవరాలు జాస్మిన్, ఆయన్ను ఆటోలో ప్రొద్దుటూరు డాక్టరమ్మ ఫరహత్ దగ్గరికి లాక్కుపోయింది.

డాక్టరమ్మ పుండు చూసి, దాని చరిత్ర విని, కళ్ళద్దాలు తీసింది.

"పెద్దాయనా, ఊర్లో గొడవైతే పోలీసు పికెట్ పెడతారు. గొడవ తీరినాక ఎత్తేయాల. ఏండ్లకేండ్లు ఆడే ఉంటే ఊరు బాగుపడతాదా?"

"పడదమ్మా."

"వాపూ అంతే. పుండుకు కాపలా వచ్చిన కణాలు, నువ్వు గిల్లినప్పుడల్లా పోకుండా ఆడే ఉండి విషం చిమ్ముతాండాయి. పక్కనున్న మంచి చర్మం చెడిపోయి మళ్ళా మళ్ళా పుట్టాల. తొందరలో పుట్టేదాంట్లో తప్పులు దొర్లుతాయి. అట్లాంటి కణం ఒకటి అదుపు తప్పి పెరిగితే అదే క్యాన్సర్. ముక్క తీసి చూడాల. ఇప్పుడైతే పుండు వరకు కోస్తే సరిపోవచ్చు. ఆలస్యమైతే కాలే తీయాల్సొస్తాది."

"కత్తి తగిలితే పాకుతాదంట గదమ్మా."

"ఎవరు చెప్పినారు?"

"అందరూ."

"పుండు మూయొద్దని చెప్పినోళ్ళేనా?"

తాత కిటికీ వైపు తిరిగాడు. జాస్మిన్ ఆయన చెయ్యి వదలకుండానే నాలుక ఝళిపించింది.

"ఇంటికి పోదాం పా తాతా. కాలు పోతే పోనీ, పుండు భద్రంగా ఉండాల. సీసాలో పెట్టి చుట్టాలకు చూపిద్దాం."

తాత కాలి వైపు చూశాడు, మనవరాలి వైపు చూశాడు.

"కోయమను. కాలుంటేనే గదా నిన్ను తన్నేది."