కావేరి ఎడమవైపు తిరగనంది

1996 జనవరిలో ఒక ఉదయం మంచం దిగలేకపోయాను. నడుము కింది భాగం చెక్కలా బిగుసుకుపోయింది. పక్కకు దొర్లి, మంచం కోడు పట్టుకుని నిలబడ్డాను. ఊరి బయట హొసకోటె దారిలో గుర్రం కోసం అద్దెకు తీసుకున్న షెడ్డుకు వెళ్లి గుర్రమెక్కాక అరగంటలో నొప్పి తగ్గింది. తగ్గింది కదా అని ఎవరికీ చెప్పలేదు. మా ఇంట్లో నొప్పుల గురించి మాట్లాడే అలవాటు లేదు. తాతగారి లాయంలో పన్నెండు గుర్రాలుండేవి. నా వంతుకు మిగిలింది కావేరి అనే ఒక్క ఆడగుర్రం, దాన్ని చూసుకునే మునియప్ప.

రోజూ ఉదయం అదే నొప్పి వస్తుంటే చివరికి వెళ్లాను. ఆర్థోపెడిక్ డాక్టరు ఎక్స్‌రే చూసి, "నార్మల్‌గానే ఉంది. మజిల్ స్ట్రెయిన్. మూడు వారాలు బెడ్ రెస్ట్" అన్నారు. పడుకున్నకొద్దీ నొప్పి పెరిగింది. పెయిన్‌కిల్లర్లతో ఐదేళ్లు నెట్టుకొచ్చాను. గుర్రాల పోటీలో ఒక జడ్జి నేను కూర్చునే తీరు ఎంతో నిటారుగా ఉందని మెచ్చుకున్నారు. గర్వపడ్డాను. వంగడం చేతకాక అలా కూర్చుంటున్నానని అప్పటికి నాకు తెలియదు.

2001లో కావేరి ఎడమవైపు తిరగడానికి మొరాయించసాగింది. పోటీల్లో మార్కులు పడిపోయాయి. మునియప్ప మీద విరుచుకుపడ్డాను.

"జీను సరిగ్గా వేయడం కూడా మరిచిపోయావా?"

"ముప్పై ఏండ్లుగా ఏస్తా ఉండాను సామీ. నా దగ్గర గుర్రం బాగానే ఉండాది. మీరెక్కితేనే దానికి బేజారు."

నాలుగు రోజులు అతనితో మాట్లాడలేదు. చివరికి పశువుల డాక్టరును పిలిపించాను. ఆయన మొదట నన్ను ఎక్కనివ్వకుండా, కావేరిని పొడవాటి తాడు మీద గుండ్రంగా తిప్పించారు. రెండు వైపులా చక్కగా తిరిగింది. తర్వాత నన్ను ఎక్కమన్నారు. వెంటనే బిగుసుకుపోయింది.

"దిగండి సార్. భుజాలు కదపకుండా తల మాత్రం ఎడమకి తిప్పి నన్ను చూడండి."

తిప్పాను. తలతోపాటు భుజాలూ వచ్చాయి.

"మందు గుర్రానికి కాదు సార్. మీ ఒళ్లు తిరగక అది తిరగడం లేదు. మీరు కీళ్లజబ్బుల డాక్టర్ని, రుమటాలజిస్ట్‌ని కలవండి."

మునియప్ప గోడవైపు తిరిగి అన్నాడు: "నేను చెప్తే కోపం. డాక్టరు చెప్తే సరి."

బ్లడ్ టెస్టులో ఈ జబ్బున్న చాలామందిలో కనిపించే హెచ్‌ఎల్‌ఏ బి27 పాజిటివ్ వచ్చింది. ఎంఆర్‌ఐ కూడా తీశారు. "యాంకిలోజింగ్ స్పాండిలైటిస్. వెన్నెముక కీళ్లు వాచి, ఒకదానికొకటి అతుక్కుపోయే జబ్బు. ఐదేళ్లు లేట్‌గా వచ్చారు. ఫ్యూజ్ అయిపోయిన జాయింట్స్ మళ్లీ విడిపోవు. మిగతావి కాపాడుకుందాం" అన్నారు రుమటాలజిస్ట్. మాత్రలు, ఎక్సర్‌సైజులు, ఈత. ఏడాదిన్నర బాగానే గడిచింది. తర్వాత కన్ను ఎర్రబడింది; ఈ జబ్బుతోపాటే వచ్చే కంటి లోపలి వాపు, యువియైటిస్ అన్నారు. అది తగ్గేసరికి మెడ పట్టేసింది. "ఇక రైడింగ్ వద్దు. కిందపడితే మీ వెన్నెముక సుద్దముక్కలా విరుగుతుంది" అన్నారు రుమటాలజిస్ట్.

ఆ మాట దాచిపెట్టి మరో రెండు నెలలు ఎక్కాను. ఒక ఉదయం కావేరి తొట్రుపడింది. పడలేదు కానీ, నాకు మెడ నుంచి వేళ్లదాకా జివ్వుమంది. దిగిపోయాను.

యజమాని ఎదుట పనివాడు జీనెక్కే పద్ధతి మా లాయంలో ఎన్నడూ లేదు. పగ్గాలు మునియప్ప చేతికిచ్చి ఎక్కమన్నాను.

"నేనా? వద్దు సామీ. మీ తాత, ఆ పెద్దాయన, గోడ మీది ఫోటోలోంచి దిగొస్తాడు."

"వస్తే నేను మాట్లాడతాను. ఎక్కు."

ఎక్కాడు. కావేరి ఎడమవైపు తిరిగింది. నా కింద ఏళ్ల తరబడి ఎప్పుడూ అంత తేలిగ్గా తిరగలేదు. దాన్ని ఎంత బాధపెట్టానో అప్పుడు కళ్లారా చూశాను.

ఇది 2008. రోజూ ఉదయం నలభై నిమిషాలు ఎక్సర్‌సైజులు చేశాకే షెడ్డుకు వెళతాను. కొన్నిరోజులు వెళ్లలేను. మూడేళ్ల క్రితం మునియప్ప నా కోటు చేతులు మడిచి తొడుక్కుని, కావేరి మీద పోటీకి వెళ్లి మూడో స్థానం తెచ్చాడు. ఆ రోజే, జీను విషయంలో తప్పు నాదేనని అతనితో అన్నాను. "ఇప్పుడా సామీ చెప్పేది?" అని కోటు విప్పి ఇచ్చాడు.

ఉదయం లేవగానే బిగుసుకుని, కదిలితే తగ్గి, పడుకుంటే పెరిగే నడుము నొప్పి నెలల తరబడి ఉంటే, రెస్ట్‌తో సరిపెట్టుకోకుండా రుమటాలజిస్ట్‌ను కలవండి. వెళ్లేటప్పుడు మిమ్మల్ని రోజూ చూసే మనిషిని వెంట తీసుకెళ్లండి. డాక్టరు అడిగినప్పుడు ముందు వాళ్లను మాట్లాడనివ్వండి.