రెండో సీడీలోకి జరిపిన తెలుగు గొంతు

అది 2007. కడపలో ఏడు రోడ్ల దగ్గర ఒక సందులో నాకు కంప్యూటర్ల రిపేరు షాపు ఉండేది. కింద టైర్ల దుకాణం, పైన నేను. ఎండాకాలం వచ్చిందంటే ఆ గదిలో మనుషులకంటే ముందు హార్డ్ డిస్కులు చచ్చేవి. కడప, కర్నూలు జిల్లాల్లో ఏ బడిలో కంప్యూటర్ మొండికేసినా నాకే కబురొచ్చేది. మొహం మీద కొట్టినట్టు మాట్లాడతానని నాకు పేరుంది. అయినా పిలిచేవాళ్లు, ఇంకెవరూ ఆ ఎండలో అంత దూరం పోరు కాబట్టి.

ఆ తిరుగుడు చూసే ప్రసాద్ గారు నన్ను వెతుక్కుంటూ వచ్చారు. ఆయన హైదరాబాదులో ఒక కాలేజీలో లెక్చరర్. నలుగురైదుగురు స్నేహితులతో కలిసి చూపు లేనివాళ్ల కోసం ఒక లినక్స్ తయారు చేస్తున్నారు. లినక్స్ అంటే పైసా కట్టకుండా వాడుకోగల ఆపరేటింగ్ సిస్టమ్. మనకు కావలసినట్టు మార్చుకుని పదిమందికి పంచొచ్చు. ప్రసాద్ గారు మార్చినది సీడీ పెట్టిన కాసేపటికే మాట్లాడటం మొదలుపెడుతుంది. స్క్రీన్ రీడర్ అనే ప్రోగ్రాము తెర మీద ఏముందో చదివి వినిపిస్తుంది. ఇన్‌స్టాల్ చేయడానికి కూడా పక్కన కళ్లున్న మనిషి అక్కర్లేదు. మా వైపు పాత మెషీన్ల మీద అది నడుస్తుందో లేదో చూసి చెప్పడం నా పని.

ఆయన దగ్గరికి మార్తమ్మక్కను తీసుకుపోయింది నేనే. శెట్టి గారి ప్రింటింగ్ ప్రెస్సులో ఆమె చాలా ఏళ్లు డీటీపీ ఆపరేటర్‌గా చేసింది. పెళ్లిపత్రికలు, కరపత్రాలు, చర్చి కన్వెన్షన్ సభల పుస్తకాలు అన్నీ ఆమె టైపు చేసినవే. షుగరు ఆమె కళ్లను తినేసింది. నలభై దాటేసరికి చూపు పూర్తిగా పోయింది. ఇంట్లో ముసలి తల్లి, ఇల్లు నడిచేది ఆ జీతం మీదే. వేళ్లకు మాత్రం తెలుగు కీబోర్డంతా కొట్టిన పిండి.

శెట్టి గారు చెడ్డవాడు కాదు. నాతో ఒకటే మాట చెప్పాడు.

"చూడప్పా ఖాదరూ, మ్యాటర్ టైపు చేసిస్తే చాలు, డిజైను వేరేవాళ్లు చేసుకుంటారు. కానీ తప్పుల్లేకుండా కొట్టల్ల. పెండ్లిండ్ల సీజన్ దాకా ఆమె సీటు ఎవురికీ ఇయ్యను."

అంటే టైపు చేసేటప్పుడు తన అక్షరం తనకు వినబడాలి. ప్రసాద్ గారి దగ్గర అప్పటికి ఒక తెలుగు గొంతు ఉంది. ఎవరో ఒకావిడ చదివిన వాక్యాలను ముక్కలు ముక్కలుగా కోసి, మళ్లీ అతికించి మాట్లాడించేది. దాన్ని ఇంకా స్క్రీన్ రీడర్‌తో కలపలేదు. ఫైలు మొత్తం ఇస్తే చివర్లో గడగడా చదివేది, అంతే. నా షాపులో మార్తమ్మక్క ఒక పెళ్లిపత్రిక మ్యాటర్ టైపు చేసింది. నేను ఆ ఫైలును గొంతుకు ఇచ్చాను. ఆమె తల వంచుకుని విన్నది.

"ఇది మన పక్క మాట కాదబ్బీ, కోస్తా ఆమె మాదిరి ఉండాది" అని నవ్వింది. మళ్లీ, "ముహూర్తం కాడ ఒక ఒత్తు తప్పు పోయినట్టుండాది. అది దిద్దల్లంటే ఎట్లా?" అని అడిగింది.

దిద్దే దారి అప్పటికి లేదు. తప్పు పోయిందని వినొచ్చు గానీ, ఆ అక్షరం దగ్గరికి పోయి నిలబడే వీల్లేదు. గొంతును స్క్రీన్ రీడర్‌తో కలిపే పని ఇమేజ్ ఖాయమయ్యాక చేస్తామన్నారు ప్రసాద్ గారు.

ఇమేజ్ అంటే సీడీలోకి ఎక్కించాల్సిన సరుకంతా ఒక్క ఫైలుగా కట్టిన మూట. ఆ మూట ఎంత ఉండాలో తేల్చడానికి ప్రసాద్ గారు మా షాపుకే వచ్చారు. సీడీలో పట్టేది ఏడు వందల ఎంబీ. మాది దాదాపు నూట ముప్పై ఎక్కువయింది. ఆటలు తీసేశాం. చూపు లేనివాళ్లకు వాల్‌పేపర్లు ఎందుకని అవీ పీకేశాం. ఎన్ని తీసినా చివరికి రెండే మిగిలాయి: ఉత్తరాలు, లెక్కలు రాసుకునే ఆఫీస్ ప్యాకేజీ ఒకటి, ఈ తెలుగు గొంతు ఒకటి. ఏదో ఒకటే పడుతుంది. ఇంగ్లిష్ గొంతు మెషీన్ పుట్టించేది కాబట్టి చిటికెడంత ఉంది, దానితో పేచీ లేదు.

"డీవీడీ చేసేద్దామా ఖాదర్ గారూ? అన్నీ పడతాయి" అన్నారు ప్రసాద్ గారు.

నేను ఆ రెండు జిల్లాల మెషీన్ల పొట్టలన్నీ విప్పి చూసినవాడిని. ఎవరో వాడి వాడి విసుగు పుట్టి దానమిచ్చినవి. డీవీడీ డ్రైవ్ ఉన్నవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. పెన్‌డ్రైవ్‌తో లేచే వయసు కూడా కాదు వాటిది.

"డీవీడీ ఇస్తే పది బళ్లల్లో తొమ్మిదిట్లో తలకింద పెట్టుకోవాల్సిందే సార్" అన్నాను. అది నిజం. ఆ నిజమే మార్తమ్మక్కకు అడ్డం తిరుగుతుందని నోరు తెరవకముందే నాకు తెలుసు. అయినా లేనిది ఉందని ఎట్లా చెప్పను?

"అయితే ఆఫీస్ తీసేయండి" అన్నాను.

"కర్నూలు అంధుల హాస్టల్ పిల్లలు దేంతో నేర్చుకుంటారు? వాళ్లు పరీక్షలకు, ఉద్యోగాలకు పోవాలి కదా."

అదీ నిజమే. నాకు ఒళ్లు మండింది, ఎవరి మీదో తెలియదు. "తెలుగోళ్లకిచ్చే సీడీలో తెలుగు లేకుంటే ఎట్లా సార్" అని అరిచాను.

ప్రసాద్ గారు నొచ్చుకున్నారు. "తీసేయడం లేదండీ. రెండో సీడీలో ఇస్తాం. మొదటిది బయటికి పోగానే అదే పని" అన్నారు. ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నారు, నాకు అనుమానం లేదు.

మార్తమ్మక్క బల్ల చివర కూర్చుని అంతా వింటోంది. "శానామందికి పనికొచ్చేది ముందర పెట్టండి సార్. నాది రెండోదాంట్లో ఇయ్యండి. ఇస్తారు కదా?" అంది.

"తప్పకుండా అమ్మా" అన్నారాయన.

మొదటి సీడీ వచ్చింది. కర్నూలు హాస్టల్లో పిల్లలు దాన్ని పెట్టి, మెషీన్ మాట్లాడుతుంటే చప్పట్లు కొట్టారు. ఆ సీడీ మంచి చేయలేదని నేను అనను. ఇంగ్లిష్ వచ్చినవాళ్లకు చాలా మంచి చేసింది.

రెండోది రాలేదు. తెలుగు గొంతును కలపాల్సినాయన ఉద్యోగం మారి బెంగళూరు పోయాడు. ఈలోపు లినక్స్‌కు కొత్త వెర్షన్ వచ్చింది, పాత గొంతు దాంట్లో పలకనంది. ఇమేజ్‌లో ఉన్న ప్రతిదాన్నీ ఎవరో ఒకరు నడిపి చూస్తారు, చెడితే బాగుచేస్తారు. బయట పెట్టినదాని మొహం ఎవరు చూస్తారు? నేను కుస్తీ పట్టాను. స్క్రూడ్రైవర్ పట్టే చేతికి ప్రోగ్రాములు రాయడం ఎక్కడొస్తుంది! చేతులెత్తేశాను.

మార్తమ్మక్క శనివారం పూట ఆటోలో వచ్చి మెట్ల కింద నుంచే అడిగేది, "వచ్చిందా అబ్బీ?" అని. "ఈ నెలలో వస్తాదక్కా" అనేవాణ్ణి. నెలలు పోయాయి. చివరికి ఆమె అడగడం మానేసి ఊరికే కూర్చుని టీ తాగి పోయేది. అది ఇంకా కష్టంగా ఉండేది.

సీజన్ వచ్చింది. శెట్టి గారు మాట తప్పలేదు, గొంతు లేకుండానే ఒకసారి చూద్దామన్నాడు. ప్రెస్సులో మొదటి సీడీయే ఎక్కించాను. ఇంగ్లిష్ అక్షరం కొడితే పలుకుతుంది, తెలుగు అక్షరానికి నోరు మూసుకుంటుంది. చర్చి కన్వెన్షన్ మ్యాటర్ ఒకరు చదువుతుంటే ఆమె కొట్టసాగింది. ఆ వేగం చూసి శెట్టి గారి మొహం వెలిగింది. మధ్యలో మంచినీళ్లు తాగి మళ్లీ చేతులు పెట్టింది. కీబోర్డులో ఎఫ్, జె కీల మీద చిన్న గీతలుంటాయి, చూడకుండా టైపు చేసేవాళ్ల వేళ్లకు అవే ఆనవాలు. ఆ పాత కీబోర్డు మీద అవి అరిగి నున్నగా అయిపోయాయి. చేతులు ఒక కీ పక్కకు కూర్చున్నాయి. నేను షాపుకు పోయి వచ్చేసరికి రెండు పేజీలు అయిపోయాయి.

శెట్టి గారు తెర మీదికి వంగి చూశాడు. నేనూ చూశాను. మొదటి పేజీ సగం దాకా ముత్యాల్లా ఉంది. తర్వాతదంతా ఏ భాషా కాదు.

"ఎట్లొచ్చింది శెట్టిగారూ?"

ఆయన మౌస్‌తో పేజీని పైకీ కిందికీ జరిపాడు.

"తప్పులు పడినాయా?"

"మొదట బాగానే ఉండాదమ్మా" అన్నాడు.

ఆమె కీబోర్డు కవరు కోసం తడిమి, దాని మీద కప్పి, చీర సర్దుకుని లేచింది. బయట శెట్టి గారు నా చెయ్యి పట్టుకున్నాడు. "నేనేం చేసేదప్పా? పత్రికలో పెండ్లికొడుకు పేరు తప్పు పడితే వాళ్లకు ఏం చెప్పుకునేది?" వారం తిరక్కుండా ఆ సీట్లో వేరే ఆమె కూర్చుంది. మార్తమ్మక్క తల్లిని తీసుకుని రాజంపేటలో చెల్లెలింటికి పోయింది.

2010లో ఒక కొత్త తెలుగు గొంతు నా చేతికొచ్చింది. మెషీన్ పుట్టించే రకం, చిటికెడంత. స్క్రీన్ రీడర్‌తో కలిసి వచ్చింది, అక్షరం కొట్టగానే పలుకుతుంది. ఆ రోజే ల్యాప్‌టాప్ సంచిలో వేసుకుని రాజంపేట బస్సెక్కాను. మార్తమ్మక్క అరుగు మీద కూర్చుని ఉంది. నా గొంతు గుర్తుపట్టింది. ల్యాప్‌టాప్ ఆమె ఒళ్లో పెట్టి, చేతులు తీసుకుని కీల మీద ఆనించి, పైన నా చెయ్యి ఉంచాను.

ఆమె వేళ్లు కదిలాయి. ఒక అక్షరం పలికింది, కావలసింది కాదు. మళ్లీ కొట్టింది, రెండు అక్షరాలు కలిసి పలికాయి.

"చెయ్యి తీయనా అక్కా, నువ్వే పెట్టుకుంటావా?" అన్నాను.

"నువ్వు పట్టుకోనుండావా?" అని అడిగింది. "షుగరు వేళ్లకు దిగిందబ్బీ. ఏడాదాయ. సూది గుచ్చినా తెలీదు. నువ్వు కొట్టు, నేను వింటా."

నేను ఆమె పేరు టైపు చేశాను. మెషీన్ పలికింది. "బాగుండాది" అంది మార్తమ్మక్క. నాకు అక్కడ కూర్చోబుద్ధి కాలేదు, ఏదో పనుందని చెప్పి లేచాను.

ఆ తర్వాత చాలా ఇమేజ్‌లు కట్టాను, చాలా బళ్లకు ఎక్కించాను. తీసేద్దాం అని ఎవరన్నా పెద్దగా బాధపడను. తర్వాత కలుపుదాం అంటే మాత్రం ఊరుకోను. ఎవరు కలుపుతారు, ఆ మనిషి పోతే ఇంకెవరు, అందాకా దాని మీద ఆశ పెట్టుకున్నవాళ్లు ఏం చేయాలి అని అడుగుతాను. విసుక్కుంటారు, ఈయన ఎప్పుడూ ఇంతే అంటారు. ఒకట్రెండుసార్లు నా పోరు పడలేక కలిపారు కూడా. ఇది నాకు నేర్పిన మార్తమ్మక్కకు మాత్రం దానివల్ల ఏమీ ఒరగలేదు.