ఎర్రరాతి గట్టు వెంట టీచరుతో

మొన్న అబిడ్స్ పెద్ద పోస్టాఫీసు మెట్ల మీద నా పాత క్లాస్‌మేట్ ఎదురుపడి, "మన జాగ్రఫీ టీచర్ పోయిన్రు, నీకెరికనా? దవాఖానలనే," అంది. స్టాంపులు కొనకుండానే నాంపల్లి దాకా నడుచుకుంటూ ఇంటికి వచ్చేశాను.

తెలుగువాళ్ళంతా ఒకే రాష్ట్రమైన కొత్తలో ఆమె గోదావరి ఒడ్డు నుంచి వచ్చి మా నాంపల్లి బడిలో చేరారు. ఆమె యాసకు మేం నవ్వేవాళ్ళం, మా యాసకు ఆమె నవ్వేవారు. ఆదివారాలు అబిడ్స్ పేవ్‌మెంట్ మీద పాత మ్యాపులు వెతికేవారు. దొరికితే క్లాసుకు తెచ్చి మా వేళ్ళను నదుల వెంట నడిపించేవారు. చివర్లో ఒకటే మాట: "మ్యాపులో నీళ్ళకి వేలు తడవదమ్మా. వెళ్ళి చూడాలి."

నేనూ అదే బడిలో టీచరయ్యాక, ఒక దసరా సెలవుల్లో, కృష్ణ మీద కొత్తగా నిండిన జలాశయానికి నన్ను తీసుకెళ్ళారు. అక్కడ ఇంజనీరుగా ఉన్న ఆమె తమ్ముడి దగ్గర కయాక్ అనే సన్నటి పడవ ఉంది. ముందొకరు, వెనకొకరు, చెరో తెడ్డు. నాకు ఈత రాదన్నాను. "నాకొచ్చుగా," అంటూ నా నడుముకు గాలి నింపిన ట్యూబు కట్టి, చీర కుచ్చెళ్ళు పైకి దోపుకుని వెనక కూర్చున్నారు.

గట్టు పొడుగునా ఇసుకరాతి కొండ నిటారుగా లేచి ఉంది. పొరలు పొరలుగా ఎరుపు, పసుపు. నీళ్ళు తొలిచిన చోట గుహలు, గాలి కోసిన చోట కిటికీలు. "ఇదంతా ఒకప్పుడు నీటి అడుగున పరుచుకున్న ఇసుకే. మళ్ళీ నీళ్ళలోకే వెళ్తోంది," అన్నారు.

మధ్యాహ్నం గాలి లేచింది. పడవ ఊగుతుంటే నా పై ప్రాణాలు పైనే పోయాయి. ముందుకు పొడుచుకొచ్చిన ఒక బండ కింద నీళ్ళు కదలకుండా ఉన్నాయి.

"టీచర్, గా బండ కింద జర ఆగుదాం. గాలి తగ్గినంక పోదాం," అన్నాను.

ఆమె తలెత్తి చూశారు. బండ అంచు నుంచి సన్నగా ఇసుక రాలుతోంది.

"వద్దు. అలల్లోకే పోదాం. నేను చెప్పినట్టు వెయ్యి. కుడి. ఎడమ."

ఏడుస్తూనే తెడ్డు వేశాను. నీళ్ళు ఒళ్ళోకి కొడుతున్నాయి. ఆమె గొంతు మాత్రం ఎక్కాలు చెప్పించినట్టు సాగింది. కొంత దూరం వెళ్ళామో లేదో, వెనక ఉరిమినట్టయింది. బండ విరిగి నీళ్ళలో పడింది. ఆ అల మమ్మల్ని ఎత్తి, మెల్లగా దించింది.

ఇసుక మేట మీదికి చేరాక ఆమె వెనక్కి తిరిగి బండ పడిన చోటు చూశారు.

"నాకూ భయమేసిందమ్మా. చెబితే నువ్వు తెడ్డు వదిలేసేదానివి," అన్నారు. గాలి తగ్గాక, "ఇక నువ్వు వెనక కూర్చో," అన్నారు.

ఆ తరువాత నేను బతికిన ప్రతి రోజులోనూ ఆమె వాటా ఉంది. ఇప్పుడు తలుచుకుంటే ఆ తిరుగు ప్రయాణమే కళ్ళ ముందుకొస్తోంది. నీళ్ళు సద్దుమణిగాయి. పడవ నేను నడుపుతున్నాను. ముందు ఆమె గట్టు వైపు తిరిగి కూర్చున్నారు. నెరుస్తున్న ముడి మీద, తడిసిన జాకెట్టు మీద, కొండ నుంచి లేచిన ఎర్రటి ధూళి. ఆమె దులుపుకోలేదు.