సాతిబాల్ది ఆపిన సీరియల్

చలి కొండల నడుమ ఉన్న నారిన్ ఊళ్ళో సాతిబాల్ది గురించి అందరికీ తెలిసిన సంగతి ఒక్కటే. ఆయన ఎక్కడున్నా సరే, ఇంట్లో టీవీ మాత్రం ఆయన గుప్పిట్లోనే ఉంటుంది.

టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ముప్పై ఏళ్ళు తీగలతో కుస్తీ పట్టి రిటైరైన మనిషి. ఎక్కణ్ణుంచో పాత కంప్యూటరొకటి మోసుకొచ్చి, టీవీ వెనక కూర్చోబెట్టి, సినిమాలూ సీరియళ్ళూ పాటలూ అన్నీ దాంట్లోకి ఎక్కించాడు. ఆ తర్వాత దాన్ని తన ఫోనుతో కలిపాడు. ఇక ఊళ్ళో ఏ మూలనుంచి ఆయన వేలు కదిపినా, నాలుగో అంతస్తులో ఆయన ఇంట్లో బొమ్మ ఆడేది, ఆగేది, అరిచేది.

నలిగిపోయింది మాత్రం ఆయన భార్య అనార్కుల్. రొట్టె చేస్తున్నా, బట్టలు ఉతుకుతున్నా ఆవిడకు సీరియల్ నడుస్తూ ఉండాలి. అత్తగారు కోడలి చెంప మీద కొట్టబోతూ చెయ్యెత్తుతుంది. ఆ చెయ్యి అలాగే గాల్లో ఉండిపోతుంది. అనార్కుల్ పిండి చేతులతోనే ఫోనందుకునేది.

"ఏమయ్యా, మళ్ళీ ఆపావా? ఎక్కడ ఏడుస్తున్నావిప్పుడు?"

"బజార్లో. ఉల్లిపాయలు కొంటున్నా."

"ఉల్లిపాయలకీ నా సీరియల్‌కీ ఏమిటి సంబంధం?"

"పనిచేస్తోందా లేదా అని చూశానే. కీబోర్డు మీద పొడుగు మీట నొక్కు, నడుస్తుంది."

ఆవిడ విసురుగా నొక్కేది. ఆయన "శభాష్!" అని ఫోను పెట్టేసేవాడు. గంట తిరక్కుండానే మళ్ళీ ఆపేవాడు.

పెళ్ళి విందులో కూర్చుని ఒక చేత్తో గొర్రె ఎముక చీకుతూ రెండో చేత్తో సీరియల్ ఆపిన రోజుంది. ఒకసారి చదరంగం ఆడుతూ, ఎత్తు తోచక సీరియల్ ఆపాడు. ఎదుటివాడు మండిపడి, "అన్నా, ఆడేది నాతోనా, మీ ఆవిడతోనా?" అన్నాడట.

"ఈ ముసలాయనకి పనీ పాటా లేదు," అని అనార్కుల్ కింద అంతస్తు గుల్సున్‌తో చెప్పుకునేది. "ఆ కంప్యూటర్ని ఏదో ఒకరోజు కిటికీలోంచి విసిరేస్తాను చూడు."

జనవరిలో ఒక మధ్యాహ్నం సాతిబాల్ది క్షౌరానికి వెళ్ళాడు. చలికాలం మాంసం బాల్కనీలోనే గడ్డకట్టి ఉంటుంది కనక, ఒక ముక్క తెద్దామని అనార్కుల్ బయటికొచ్చింది. ఇంతలో గాలి విసిరికొట్టి తలుపు దభీమని మూసుకుంది. లోపలి గడియ జారి పడింది.

ఒంటిమీద పల్చటి గౌను, తలకి రుమాలు, చేతిలో రాయిలాంటి మాంసం ముక్క. ఫోను వంటింట్లో ఉంది. కింద వాకిట్లో కుక్క కూడా లేదు. రెండుసార్లు కేకేసింది. చలికి గొంతు అక్కడే పట్టేసింది. మాంసం ముక్కతో అద్దాన్ని రెండు దెబ్బలు వేసింది. అది చెక్కు చెదరలేదు. వేళ్ళు తిమ్మిరెక్కుతున్నాయి.

అద్దంలోంచి చూస్తూండగా టీవీలో సీరియల్ ఆగిపోయింది.

"ఆపు నాయనా, ఆపు. ఇప్పుడు నొక్కడానికి ఎవరున్నారు?" అంది పళ్ళు కొరుకుతూ.

సీరియల్ తనంతట తనే నడిచింది. మళ్ళీ ఆగింది. తెర మీద ఆయన ఫోనులో కొట్టిన మాటలు పెద్ద అక్షరాల్లో వచ్చాయి.

అనార్కుల్, పొడుగు మీట నొక్కు.

కాసేపటికి ఇంకోటి. కోపమా? తిట్టుకో, కానీ ముందు నొక్కు.

తర్వాత టీవీ చప్పుడు పూర్తిగా పెంచేసి పాట పెట్టాడు. అద్దాలు అదిరాయి. గోల ఆపమని కింద గుల్సున్ గోడ వెంట పైకి పోయే వేడినీళ్ళ గొట్టాన్ని గరిటెతో వాయించింది. పాట ఆగిపోయి మళ్ళీ అక్షరాలు వచ్చాయి.

నేను ఆపేది ఆటకి కాదే. నువ్వు నొక్కితే లేచి తిరుగుతున్నావని తెలుస్తుంది. వస్తున్నా.

అనార్కుల్ చలి మర్చిపోయి చూస్తూ నిలబడింది. రెండేళ్ళ కిందట వంటింట్లో జారిపడి కాలు విరిగి, మూడు గంటలు నేలమీదే పడి ఉంది. ఆయన ఆ పూటంతా చదరంగం ఆడుతున్నాడు. ఆ తర్వాత బయటికెళ్ళినప్పుడల్లా ఫోను చేసి "ఎలా ఉన్నావ్?" అని ప్రాణం తీసేవాడు. "నన్ను రోగిష్టిదాన్ని చెయ్యకు, ఇంకోసారి అడిగితే ఊరుకోను!" అని తనే గట్టిగా కేకలేసింది. ఆయన అడగడం మానేశాడు. ఆ నెలలోనే కంప్యూటర్ మోసుకొచ్చాడు.

పది నిమిషాల్లో వీధి తలుపు భళ్ళుమంది. సాతిబాల్ది మెడకి మంగలి గుడ్డతో, సగం మొహం మీద గడ్డకట్టిన నురగతో లోపలికి ఉరికాడు. వంటింట్లోకి పరుగెత్తాడు. స్నానాలగదిలోకి పరుగెత్తాడు. మంచం కిందికి కూడా తొంగిచూశాడు. అనార్కుల్ మాంసం ముక్కతో అద్దం మీద దబదబా బాదింది.

ఆయన గడియ తీసి, ఆవిడ భుజాలు పట్టుకుని లోపలికి లాగాడు.

"పడిపోయావా?"

"గడియ పడింది. నేను పడలేదు."

ఆయన కోటు విప్పి ఆవిడకి చుట్టి, నేలమీద కూలబడ్డాడు. నవ్వో ఏడుపో తెలియని చప్పుడొకటి చేశాడు.

"సరే, ఇక నుంచి ఆపను. ఎలాగూ దొరికిపోయాను," అన్నాడు.

"ముందు ఆ మొహం కడుక్కో. వాకిట్లో పిల్లలు చూస్తే దడుసుకుంటారు," అంది అనార్కుల్. పొయ్యి మీద టీ పెట్టింది.

మూడో రోజు సాతిబాల్ది బయటికెళ్ళిన వేళ, అనార్కుల్ కింద గుల్సున్ ఇంట్లో కబుర్లలో ఉంది. పైన తమ ఇంట్లో సీరియల్ గోల వినిపిస్తూనే ఉంది. ఉన్నట్టుండి అది ఆగిపోయింది.

అనార్కుల్ టీ గిన్నె కింద పెట్టి, మోకాళ్ళు పట్టుకుని లేచింది.

"అప్పుడే ఎక్కడికే? సగం టీ అలాగే ఉంది," అంది గుల్సున్.

"ఉండవే, మా ఆయన ఎలా ఉన్నావని అడుగుతున్నాడు," అని అనార్కుల్ మెట్లెక్కింది.