చింతపండుతో తోమిన బిళ్ళ

నెల్లితోపులో మా పక్కిల్లే తాయారత్తది. పనిచేసే మిల్లు మూసేసినాక ఇడ్లీలు పోసి అమ్మి బతికింది గానీ, ఒకరి ముందర చెయ్యి చాపిన మనిషి కాదు. అట్లాంటామె ఒక్క పేరు కోసం మ్యూజియం వాళ్ళను బతిమాలింది. తలుచుకుంటే నాకు కడుపు మండిపోతా ఉండాది.

ఆమె ముత్తాత కుప్పయ్యను ఫ్రెంచి దొరల కాలంలో చెరుకుతోటల కూలికని ఓడెక్కించి యాడనో దీవికి పట్టుకపోయినారు. ఎద్దుకు కట్టినట్టు మెడలో నంబరేసిన ఇత్తడి బిళ్ళ కట్టినారంట. ఎట్లనో తిరిగొచ్చి, నా కష్టం మరిచిపోవద్దని చెప్పి ఆ బిళ్ళను ఇంట్లో పెట్టినాడు. ఆ పొద్దు మొదలు శుక్రవారం వస్తే చాలు, ఆ ఇంటి ఆడోళ్ళు దాన్ని చింతపండేసి తోమి, పసుపు కుంకుమ పెట్టి, దేవుడి పటాల పక్కన పెడతా వచ్చినారు. అవ్వ తోమింది, అమ్మ తోమింది, తాయారత్త తోమింది.

పోయినేడు ఫ్రాన్సు మ్యూజియం, ఆ దీవి మ్యూజియం, మన ఊరి మ్యూజియం వాళ్ళు కలిసి, ఒకప్పుడు దొరలుండిన వైట్ టౌన్‌లో ప్రదర్శన పెడతామన్నారు. ఓడెక్కిన కూలీలను తలుచుకునేదానికంట, వాళ్ళ పేర్లు గోడ మీద రాయిస్తారంట. ముత్తాత పేరు ఆ గోడ మీద చూసి కళ్ళు మూస్తే చాలనింది తాయారత్త. బిళ్ళను ఇంకో తూరి బాగా తోమి, తళతళా మెరిపించి ఇచ్చింది.

ఆడనే వచ్చింది తంటా. బిళ్ళ మీద నంబరు లేదు. ఇన్నేళ్ళ తోముడుకు ఎప్పుడో అరిగిపోయింది. పాత కాగితాల్లో కుప్పయ్యలు చానామంది ఉండారు, నంబరు లేకుండా మీ కుప్పయ్య ఎవరని రాసేదని అడిగింది ఆఫీసరు అనుప్రియ. మర్యాదగానే అడిగిందిలే. ఏం మర్యాద! పెట్టెలో పడేసి మరిచిపోయింటే ఆ నంబరు నిలిచుండును. మరిచిపోకపోవడమే తప్పయింది మాకు.

బిళ్ళనన్నా వెనక్కి ఇచ్చినారా అంటే, అదీ లేదు. ప్రదర్శనతో పాటు మూడు దేశాలూ తిరిగొచ్చినాకే ఇస్తారంట.

ప్రదర్శన తెరిచిన పొద్దు నేనే తోడు పోయినా. గోడంతా వెతికినాం, కుప్పయ్య పేరు లేదు. బిళ్ళ మాత్రం అద్దాల పెట్టెలో మెరుస్తా ఉండాది. కింద అరవంలో రాసుండేదాన్ని తాయారత్త కూడబలుక్కొని చదివింది. ఇచ్చినవారు: తాయారు. ధరించినవారు: తెలియదు.

ఆమె అనుప్రియను పిలిచి మెల్లగా అనింది.

"నా పేరు తీసెయ్యి పాపా. ఆ చోట ఆయన పేరు రాయి."

ఆధారం లేకుండా రాస్తే మిగతా రెండు మ్యూజియంలూ ఒప్పుకోవని ఆ పిల్ల తల వంచుకునింది.

టౌన్ బస్సులో తాయారత్త తన అరచేతులు చూసుకుంటా కూర్చునింది.

"కనకం, మా చేతులతోనే ఆయన్ను చెరిపేసినాం గదే" అనింది.

ఆ శుక్రవారం వాళ్ళింట్లో దీపం వెలగలేదు. ఏందత్తా అని అడిగితే, యా మొహం పెట్టుకొని వెలిగించేదనింది.