బండకు దప్పిక

అరసికెరె బైలప్పతో సంతకు బయల్దేరినవాడు ఎవడైనా సరే, నెత్తిన నీళ్ళబిందె లేకుండా ఊరు దాటలేడు. సంత జరిగే వై.ఎన్.హొసకోటకు బస్సుంది కదా అంటే ఆయనకు చిర్రెత్తుకొచ్చేది.

"బస్సులో ఏం సూస్తావప్పా, ముందు సీటోని నెత్తి తప్ప! కనుమలో నడ్సుకుంటా పోదాం రా. ఆ ఎర్రబండలు, ఆ లోయ... బెంగుళూరోళ్ళు దుడ్లిచ్చి సూస్తారు."

"మరి బిందె యాలప్పా?"

"దావలో దప్పికైతే?"

తాగనిచ్చేవాడా, అదీ లేదు! బిందె వంచితే చాలు, "ఉండప్పా, ఇంకా శానా దూరముండాది" అని అడ్డుపడేవాడు. తీరా కనుమ నడుమ బండలో ఒక గుంట వస్తే, అందరి నీళ్ళూ అందులో పోయించేవాడు. ఎందుకని అడిగితే "బండకు దప్పికప్పా" అనేవాడు. కరువులో ఇదేం పిచ్చి అని తిట్టుకుంటూ జనం సంతకు పరిగెత్తేవాళ్ళు. ఆ బిందెలన్నీ ఆయన ఇంటివే కాబట్టి, భార్య లక్ష్మక్కకు ఇంట్లో చెంబే గతి.

నల్లప్ప మాత్రం బైలప్ప కంటపడకుండా తిరిగేవాడు. అతని భయం బిందెకు కాదు, కనుమకు. ఒకప్పుడు జట్కా తోలినవాడు. బస్సులొచ్చి బాడుగలు పోయాయి. వానల్లేక మేత కరువైంది. మేపలేక తన గుర్రం రాణిని ఆ కనుమలోనే వదిలేశాడు. ఇంకొందరు జట్కావాళ్ళూ అదే చేశారు. అటు పోతే రాణి ఎముకలు కనబడతాయేమోనని అతనికి దడ.

ఆ వారం శెనక్కాయ విత్తనాలకు సంతకు పోక తప్పలేదు. బస్సు కోసం నిలబడితే బైలప్ప పట్టుకుని, అది వెళ్ళిపోయేదాకా కబుర్లలో పెట్టాడు.

"బస్సు పాయె! ఇంగ బిందె ఎత్తుకో."

కనుమలో నల్లప్ప తల దించుకునే నడిచాడు.

"ఆ గుండురాయి సూడప్పా, అచ్చం మీ మామే!"

"సూడను."

గుంటలో నీళ్ళు పోయగానే నల్లప్ప పరుగు తీయబోయాడు.

"సంత యాడికీ పోదులే, కూసో" అని బైలప్ప అతన్ని బండచాటుకు లాగాడు.

కాసేపటికి డెక్కల చప్పుడైంది. జూలు పెరిగిన గుర్రాలు బెదురుతూ ఒక్కొక్కటే దిగి గుంటలో మూతి పెట్టాయి. చివరగా నుదుట తెల్లమచ్చతో ఒకటి, దాని వెనక పిల్ల. నల్లప్ప జట్కా తోలేటప్పటిలా నాలుకతో టక్కుమన్నాడు. రాణి చెవులు రిక్కించి, నేరుగా వచ్చి అతని తువ్వాలు వాసన చూసింది. నల్లప్ప దాని మెడ పట్టుకుని ఏడుస్తూనే నవ్వాడు.

"ముందే సెప్పకూడదా నాకు?"

"ఊర్లో సెప్తే మర్నాడే పట్టుకొచ్చి సంతలో అమ్మకానికి నిలబెడతారు. ఈడికి తెచ్చి నీకొక్కనికే సూపిద్దామంటే, నువ్వు నన్ను సూస్తానే బస్సెక్కి పారిపోతాంటివి!"

మరుసటి వారం బస్టాపులో, సంతకు బయల్దేరిన అంజినప్ప అనే ఊరివాడికి బైలప్ప, నల్లప్ప ఇద్దరూ అడ్డం నిలబడ్డారు. బిందె అందించింది నల్లప్ప.

"ఇన్ని నీళ్ళు ఎవురికప్పా?"

నల్లప్ప బైలప్ప వైపు చూసి, "బండకు దప్పికప్పా" అన్నాడు.

ఆ వారం లక్ష్మక్కకు చెంబు కూడా మిగల్లేదు.